ముందు థియేటర్, తర్వాతే ఓటీటీ... మధ్యలో గ్యాప్ ఎంతో ముందే చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మీ సినిమా పేజీలో ఒకాయన రాసిన వ్యాసం చదివాను. సూపర్ హీరో సినిమాలు ఇకమీదట నేరుగా ఓటీటీలోనే వదిలేస్తే గొడవే ఉండదు, జనం ఎలాగూ ఇంట్లో కూర్చునే చూస్తున్నారు కదా, అంతంత పెద్ద తెరలు దేనికి అని ఆయన వాదన. సర్లే ఎవరి అభిప్రాయం వాళ్ళది అని ఊరుకునేవాణ్ణే కానీ, ఈ ఐడియా ఇప్పుడే కొత్తగా ఆయనకే తట్టినట్టు రాశారు చూడండి, అక్కడ ఆగలేకపోయా. దాదాపు ఇలాంటిదే, థియేటర్లోనూ ఓటీటీలోనూ ఒకేరోజు వదలడం, ఆల్రెడీ చేసి చూశారండి, 2020 చివర్లో మొదలెట్టి 2021లో గట్టిగా చేశారు, చేసింది కూడా చిన్నాచితకా వాళ్ళు కాదు, వార్నర్, డిస్నీ లాంటి హాలీవుడ్ స్టూడియోలు. చేతులు కాల్చుకుని మళ్ళీ థియేటర్ల దగ్గరికే వచ్చారు. ఆ కథ మీ వ్యాసంలో ఒక్క లైన్ కూడా లేదు.

వార్నర్ వాళ్ళ సూపర్ హీరో సినిమా వండర్ వుమన్ 1984 గుర్తుందా? 2020 డిసెంబర్ 25న అమెరికాలో థియేటర్లలో, వార్నర్ వాళ్ళ ఓటీటీ హెచ్‌బీఓ మ్యాక్స్‌లో ఒకేరోజు వచ్చింది. అప్పుడు కోవిడ్, సగం థియేటర్లకి తాళాలు, కాబట్టి దానికి నేనేం తప్పు పట్టను, ఆ టైంలో ఎవరైనా అదే చేసేవాళ్ళు. 2017లో వచ్చిన మొదటి పార్ట్ ప్రపంచం మొత్తం మీద 82 కోట్ల డాలర్ల దాకా తెచ్చింది, ఇది 17 కోట్ల దగ్గర ఆగిపోయింది, అందులో కోవిడ్ వాటా ఎంత, ఇంట్లో దొరకడం వాటా ఎంత అనేది ఎవరూ తేల్చలేరు. నాకు ఒళ్ళు మండింది దీనికి కాదు, దానికి కొన్ని వారాల ముందు, డిసెంబర్ 3న, వార్నర్ వాళ్ళు 2021లో రావాల్సిన సినిమాలు మొత్తం అంటే మొత్తం ఇలాగే రెండు చోట్లా ఒకేసారి వదులుతాం అని ప్రకటించేశారు. చాలామంది డైరెక్టర్లకి, నటులకి ముందు మాటైనా చెప్పలేదు. క్రిస్టఫర్ నోలన్ అయితే, రాత్రి పడుకునేటప్పుడు గొప్ప స్టూడియోకి పనిచేస్తున్నాం అనుకున్నవాళ్ళు పొద్దున లేచేసరికి అన్నిట్లోకీ చెత్త స్ట్రీమింగ్ కంపెనీకి పనిచేస్తున్నట్టు తేలింది అనే అర్థం వచ్చేలా బహిరంగంగానే తిట్టాడు. బ్యాట్‌మ్యాన్ మూడు సినిమాలు ఆ స్టూడియోకే తీసిచ్చిన మనిషి ఆయన, తర్వాతి సినిమా పట్టుకుని వేరే స్టూడియోకి వెళ్ళిపోయాడు.

ఇక డిస్నీ వాళ్ళ బ్లాక్ విడో సంగతి. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే మొత్తం గొడవ ఇందులోనే ఉంది. 2021 జూలై 9న థియేటర్లలోనూ, డిస్నీ ఓటీటీ అయిన డిస్నీ ప్లస్‌లో 29.99 డాలర్లు అదనంగా కట్టినవాళ్ళకి ఇంట్లోనూ వచ్చింది. మొదటి వారాంతం అమెరికా థియేటర్లలో 8 కోట్ల డాలర్లు, ప్రపంచవ్యాప్తంగా ఇళ్ళల్లోంచి ఇంకో 6 కోట్ల డాలర్లు అని డిస్నీ వాళ్ళే గొప్పగా ప్రకటించుకున్నారు. ఆహా అనుకున్నారు అందరూ. రెండో వారాంతానికి థియేటర్ వసూళ్ళు మూడో వంతుకి పడిపోయాయి, డిస్నీ వాళ్ళ సూపర్ హీరో స్టూడియో మార్వెల్ తీసే సినిమాకి అంత దెబ్బ అరుదు. మరి ఆ రెండో వారం ఇళ్ళల్లోంచి ఎంత వచ్చిందో చెప్పారా అంటే, లేదు! బాగున్నప్పుడు చెప్తారు, లేనప్పుడు నోరు మెదపరు, థియేటర్ లెక్క అయితే అలా దాచడానికి కుదరదు కదా, తెల్లారేసరికి అందరికీ తెలిసిపోతుంది. అమెరికా థియేటర్ ఓనర్ల సంఘం వెంటనే స్టేట్‌మెంట్ ఇచ్చింది, ఒకేరోజు ఇంట్లో ఇవ్వడం వల్లే ఇలా అయ్యింది, పైగా మొదటి రోజే శుభ్రమైన పైరసీ ప్రింట్ బయటికొచ్చేసింది అని. వాళ్ళ స్వార్థం వాళ్ళకుంటుంది, ఒప్పుకుంటా, కానీ పైరసీ మాట మాత్రం అక్షరాలా నిజం. థియేటర్లో ఎవడో ఫోన్‌తో తీసిన వంకర ప్రింట్ వేరు, ఓటీటీ నుంచి దింపిన హెచ్‌డీ ప్రింట్ వేరు, ఆ రెండోది దొరికాక ఇంక డబ్బు పెట్టి చూసేవాడెవడు.

అదే జూలై 29న హీరోయిన్ స్కార్లెట్ జొహాన్సన్ డిస్నీ మీద కేసు వేసింది. ఆమె వాదన చాలా సింపుల్, నా రెమ్యునరేషన్‌లో పెద్ద భాగం థియేటర్ వసూళ్ళతో ముడిపడి ఉంది, థియేటర్ రిలీజ్ అని మాటిచ్చి సగం జనాన్ని మీ యాప్ వైపు తిప్పుకున్నారు, యాప్‌కి చందాదారులు పెరిగారు, నా వాటా తరిగింది అని. డిస్నీ వాళ్ళు బదులుగా ఆమెకి అప్పటికే ముట్టిన పారితోషికం అంకె బయటపెట్టి, కోవిడ్ టైంలో ఇలాంటి కేసా అన్నట్టు మాట్లాడారు. సెప్టెంబర్ చివరికి రాజీ అయిపోయింది. కోట్లు తీసుకునే హీరోయిన్ గొడవ మనకెందుకు అని అనుకునేవాళ్ళు ఉంటారు, నిజమే, ఆమె కష్టానికి కన్నీళ్ళు పెట్టక్కర్లేదు. కానీ అంత పేరున్న మనిషికే చెప్పిన మాట ఒకటి, చేసింది ఒకటి అయితే, అదే పద్ధతిలో వాటా రావాల్సిన చిన్నవాళ్ళ పరిస్థితి ఏంటి? వాళ్ళకి కేసు వేసే స్తోమత కూడా ఉండదు.

ఆ తర్వాత వచ్చిన మార్వెల్ సినిమా షాంగ్ చీని చూడండి. 2021 సెప్టెంబర్ 3న థియేటర్లలో మాత్రమే, 45 రోజుల దాకా ఇంట్లోకి రాదు అని చెప్పి వదిలారు. అప్పటి డిస్నీ బాస్ బాబ్ చాపెక్ దాన్ని ఒక ప్రయోగం అన్నాడు, హీరో సిము లియు మేం ప్రయోగం కాదు అని ట్విట్టర్‌లో గట్టిగానే జవాబిచ్చాడు. అమెరికాలో లేబర్ డే సెలవుల వారాంతం అంటే సినిమాలకి చచ్చిన సీజన్, ఎవరూ పెద్ద సినిమా వెయ్యరు, అలాంటిది నాలుగు రోజుల్లో 9 కోట్ల డాలర్లు దాటేసి ఆ వారాంతం రికార్డులు అన్నీ తుడిచేసింది. ఎవరికీ పెద్దగా తెలియని హీరో, కొత్త నటుడు. ఇంకో మూడు నెలలకి డిసెంబర్ 17న స్పైడర్ మ్యాన్ నో వే హోమ్ వచ్చింది, అదీ థియేటర్లలో మాత్రమే, ఒక్క అమెరికాలోనే మొదటి వారాంతం 26 కోట్ల డాలర్లు, మొత్తం మీద 190 కోట్లు. కోవిడ్ పూర్తిగా పోయిందా అంటే పోలేదు, అప్పుడే ఒమిక్రాన్ మొదలైంది. జనం అయినా వచ్చారు, ఎందుకొచ్చారు? ఇంకెక్కడా దొరకదు కాబట్టి, ఆలస్యం చేస్తే ఎవడో ఒకడు గుట్టు విప్పేస్తాడు కాబట్టి.

ఈ గుట్టు సంగతే మీ వ్యాసకర్త అస్సలు పట్టించుకోలేదు. సూపర్ హీరో సినిమాకి కథ కంటే పెద్ద ఆస్తి అదే అండి. పాత స్పైడర్ మ్యాన్‌లు ఇద్దరూ, టోబీ మాగ్వైర్, ఆండ్రూ గార్ఫీల్డ్, ఆ సినిమాలో ఉన్నారా లేదా అని నెలల తరబడి కొట్టుకున్నారు ఫ్యాన్స్, గార్ఫీల్డ్ ఇంటర్వ్యూల్లో లేను లేను అని మొహం మీద అబద్ధాలు చెప్పాడు. వాళ్ళు తెర మీదికొచ్చిన క్షణం హాలు హాలంతా కేకలు. అవెంజర్స్ ఎండ్‌గేమ్‌లో, మామూలుగా ఎవరూ ఎత్తలేని థోర్ సుత్తి కెప్టెన్ అమెరికా చేతికి వచ్చినప్పుడు జనం ఎలా అరిచారో ఆ వీడియోలు ఇప్పటికీ తిరుగుతూనే ఉంటాయి, సినిమా వచ్చింది 2019 ఏప్రిల్‌లో! డైరెక్టర్లు రుస్సో బ్రదర్స్ స్పాయిలర్లు చెప్పకండి బాబూ అని జనానికి ఉత్తరమే రాశారు. అదే సినిమా ఇంట్లో రిలీజ్ అయి ఉంటే ఏమయ్యేది? ఒకడు మొదటి పది నిమిషాలు చూసి చివరికి లాగేస్తాడు, స్క్రీన్‌షాట్ తీసి పెట్టేస్తాడు, అర్ధరాత్రి వదిలిన సినిమా క్లైమాక్స్ తెల్లారి టీ తాగే టైంకి అందరి ఫోన్లలో ఉంటుంది. మూడు గంటల సినిమా కట్టిపడేసేది ఆ ఉత్కంఠతోనే, అది పోయాక మిగిలేది గ్రాఫిక్సూ ఫైట్లే, ఫోన్ తెర మీద ఆ గ్రాఫిక్స్ కూడా ఏముంటాయి నా మొహం.

సౌండ్, సైజు గురించి పెద్దగా చెప్పను, అందరూ చెప్పేదే. ఒక్క సంగతి మాత్రం నాకు భలే నవ్వొస్తుంది. జాక్ స్నైడర్ తన జస్టిస్ లీగ్‌ని 2021 మార్చిలో హెచ్‌బీఓ మ్యాక్స్‌లో వదిలాడు, నాలుగు గంటల పైన ఉంటుంది. ఫ్యాన్స్ ఏళ్ళ తరబడి అడిగి సాధించుకున్న సినిమా, అలాంటి నాలుగు గంటల సినిమాకి ఓటీటీనే సరైన చోటు అని నేనూ అంటా, ఆపి లేచి మళ్ళీ చూసుకోవచ్చు. కానీ ఆయన దాన్ని ఐమ్యాక్స్ తెర మనసులో పెట్టుకుని నిలువుగా ఎత్తుగా ఉండే ఫ్రేమ్‌లో తీశాడు, అది ఇంటి టీవీల్లో వేసేసరికి అటూ ఇటూ నల్ల పట్టీలు! పెద్ద తెర కోసం తీసిన బొమ్మ చిన్న తెరలో ఇంకా చిన్నదైపోయింది. టీవీ పాడైందేమో అనుకున్నవాళ్ళు కూడా ఉన్నారట.

అలాగని ఓటీటీకి నేను శత్రువుని కాదు, ఇది స్పష్టంగా చెప్పాలి, లేకపోతే రేపు నా మీద ఇంకో ఉత్తరం వస్తుంది. చంటిపిల్లలున్న తల్లిదండ్రులు, మెట్లు ఎక్కలేని పెద్దవాళ్ళు, వీల్‌చెయిర్‌లో ఉన్నవాళ్ళు, వినికిడి సమస్య ఉండి సబ్‌టైటిల్స్ లేకపోతే ఒక్క డైలాగ్ అర్థం కానివాళ్ళు, థియేటర్‌కి వంద మైళ్ళ దూరంలో ఉండేవాళ్ళు, వీళ్ళందరికీ ఇంట్లో సినిమా అంటే సోమరితనం కాదు, అదొక్కటే దారి. వాళ్ళని పట్టుకుని నిజమైన ఫ్యాన్ అయితే థియేటర్‌కి రావాలి అనే మూర్ఖులు ఉన్నారు చూడండి, వాళ్ళ వల్లే మా వాదనకి చెడ్డపేరు. పక్క సీట్లో ఫోన్ వెలిగించి మాట్లాడేవాడు, సినిమా మొదలవ్వాల్సిన టైం దాటాక కూడా అరగంట యాడ్స్ వేసే యాజమాన్యం, ఇవన్నీ చూశాక ఇంట్లోనే నయం అనుకునేవాళ్ళని కూడా నేను తప్పు పట్టను. థియేటర్ వాళ్ళు మాది మాకే కావాలి అని అడిగే ముందు ఆ హాలు ఎలా ఉంచుతున్నారో చూసుకోవాలి.

ఓటీటీ కోసమే అని మొదట్నుంచీ అనుకుని తీసిన సూపర్ హీరో సినిమాలు కూడా ఉన్నాయి, వాటితో నాకే పేచీ లేదు. 2020 జూలైలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ది ఓల్డ్ గార్డ్ అలాంటిదే, చావులేని యోధుల కథ, చార్లిజ్ థెరన్ చేసింది, ఇంట్లో చూడ్డానికి చక్కగా సరిపోయింది. మలయాళం మిన్నల్ మురళి మొదట థియేటర్ కోసం అనుకున్నదే అయినా 2021 డిసెంబర్ 24న నేరుగా నెట్‌ఫ్లిక్స్‌కే వచ్చింది, పిడుగు పడి శక్తులొచ్చిన టైలర్ కథ, ఆ భాష తెలియనివాళ్ళు కూడా ఎక్కడెక్కడో చూసి మెచ్చుకున్నారు, థియేటర్ మాత్రమే అయి ఉంటే అంత దూరం వెళ్ళేదా అని అడిగితే వెంటనే జవాబు చెప్పలేను. కాకపోతే ఆ సినిమా చూసినవాళ్ళల్లో ఎక్కువమంది అన్న మొదటి మాట మాత్రం, అయ్యో దీన్ని పెద్ద తెర మీద చూసుంటే అని. అదే మలయాళంలో 2025లో లోకా అనే సూపర్ హీరో సినిమా థియేటర్లకి వచ్చి ఎంత పెద్ద హిట్టయ్యిందో అందరికీ తెలుసు, రెండు నెలల తర్వాత ఓటీటీకి వచ్చింది, అక్కడా జనం చూశారు. అంటే ఇంట్లోకి వచ్చే ముందే ఆ సినిమాకి ఒక పేరు, ఒక గోల ఏర్పడిపోయాయి, ఓటీటీ వాడికి కూడా ఆ గోలే పెద్ద పబ్లిసిటీ.

అసలు ప్రమాదం ఎక్కడంటే, అటా ఇటా అని తేల్చకుండా మధ్యలో ఊగడంలో. బ్యాట్‌గర్ల్ సంగతి చూడండి. హెచ్‌బీఓ మ్యాక్స్ కోసం అని దాదాపు 9 కోట్ల డాలర్లు పెట్టి తీశారు, షూటింగ్ అయిపోయింది, మైకేల్ కీటన్ మళ్ళీ బ్యాట్‌మ్యాన్‌గా వేశాడు. ఈలోపు కంపెనీ చేతులు మారింది, కొత్త యాజమాన్యానికి ఓటీటీకి ఇంత ఖర్చు ఎక్కువ అనిపించింది, థియేటర్‌కి ఈ స్థాయి చాలదనిపించింది, 2022 ఆగస్టులో ఇక ఎక్కడా రిలీజ్ చెయ్యం అని పెట్టెలో పెట్టేశారు, ఆ నష్టాన్ని టాక్స్ లెక్కల్లో చూపించుకున్నారు. డైరెక్టర్లు ఇద్దరూ తమ సినిమాని కనీసం ఫోన్‌లో అయినా రికార్డ్ చేసుకుందామని సర్వర్ తెరవబోతే అప్పటికే తీసేశారట, వాళ్ళే చెప్పుకున్నారు. అదే టైంలో అదే ఓటీటీ కోసం మొదలెట్టిన బ్లూ బీటిల్‌ని మాత్రం థియేటర్‌కి మార్చి 2023 ఆగస్టులో వదిలారు, అది పెద్దగా ఆడలేదు, ఈ మాట దాచను. కానీ ఆడకపోయినా ఆ సినిమా అంటూ ఒకటి ఉంది, ఎవరైనా చూడొచ్చు, బాగుందనొచ్చు, తిట్టొచ్చు. బ్యాట్‌గర్ల్‌ని తిట్టే అవకాశం కూడా ఎవరికీ రాలేదు.

థియేటర్‌లో వేస్తే ప్రతిదీ ఆడేస్తుందని నేను అనట్లేదు. ది మార్వెల్స్ 2023 నవంబర్‌లో థియేటర్లకే వచ్చింది, ఇరవై కోట్ల డాలర్ల చిల్లర దగ్గర చతికిలపడి మార్వెల్ సినిమాలన్నిట్లో ఆఖరు స్థానం తెచ్చుకుంది. అయితే అక్కడ కూడా ఓటీటీ చెయ్యి ఉందండోయ్. అందులో ముగ్గురు హీరోయిన్లుంటే ఇద్దరి కథ డిస్నీ ప్లస్ సిరీస్‌ల్లో జరిగింది, ఒకామెకి శక్తులు ఎలా వచ్చాయో వాండావిజన్‌లో చూడాలి, ఇంకో అమ్మాయి ఎవరో మిస్ మార్వెల్‌లో చూడాలి, ఇవి చూడకుండా థియేటర్‌కి వెళ్ళినవాడికి పరీక్షకి చదవకుండా వెళ్ళినట్టే ఉంటుంది. అప్పటి డిస్నీ బాస్ బాబ్ ఐగరే తర్వాత ఒప్పుకున్నాడు, ఓటీటీ కోసం మరీ ఎక్కువ తీసేసి దృష్టి పలచన చేసుకున్నామని. కాబట్టి రిలీజ్ ఎక్కడ అనేదే కాదు, ఎన్ని అనేది కూడా ఈ లెక్కలోకి వస్తుంది, కానీ అది వేరే ఉత్తరం.

నేను అడిగేది ఒక్కటే, పెద్ద సూపర్ హీరో సినిమా ముందు థియేటర్‌కి రావాలి, ఓటీటీకి తర్వాత రావాలి, ఆ మధ్య గ్యాప్ ఎంత అనేది టికెట్ కొనే ముందే మనకి తెలియాలి. కోవిడ్ ముందు అమెరికాలో ఆ గ్యాప్ సుమారు 90 రోజులు, ఇప్పుడు 45 అయితే గొప్ప. ది బ్యాట్‌మ్యాన్ 2022 మార్చి 4న వచ్చి సరిగ్గా 45 రోజులకి హెచ్‌బీఓ మ్యాక్స్‌లో దిగింది, అది బానే ఉంది, చూడాలనుకున్నవాళ్ళు థియేటర్లలో చూసేశారు, రాలేనివాళ్ళు మరీ ఏళ్ళు ఎదురుచూడలేదు. 2025 జూలై 11న వచ్చిన సూపర్‌మ్యాన్‌ని చూడండి, ఆగస్టు 15కే ఇంట్లో అద్దెకి, కొనుక్కోడానికి పెట్టేశారు, ఆ సినిమా కథతో ముడిపడ్డ ఓటీటీ సిరీస్ పీస్‌మేకర్ రెండో సీజన్ మొదలయ్యేలోపు జనం సినిమా చూసేయాలి కాబట్టి అని డైరెక్టర్ జేమ్స్ గన్ చెప్పాడు. అంటే థియేటర్లో బాగా ఆడుతున్న సినిమాని ఒక సిరీస్‌కి ముందు కథలా వాడుకున్నారు. ఇలా రెండు మూడు సార్లు జరిగితే జనానికి అలవాటైపోతుంది, నెల ఆగితే ఇంటికే వస్తుందిగా అని, ఆ అలవాటు పడ్డాక ఇంక ఎంత మంచి సినిమా తీసినా మొదటి రోజు సీట్లు నిండవు.

సూపర్ హీరోలు కాబట్టే ఈ గొడవ ఇంత, లేకపోతే ఇద్దరు మనుషులు గదిలో కూర్చుని మాట్లాడుకునే సినిమా ఇంట్లో చూస్తే పోయేదేం లేదు, ఒక్కోసారి ఇంట్లోనే బాగుంటుంది కూడా.

మీ వ్యాసకర్త గారికి నా మీద కోపం రాకూడదు, ఆయన చివర్లో ఒక మాట కరెక్ట్‌గా రాశారు, ప్రేక్షకుడికి ఛాయిస్ ఉండాలి అని. ఉండాలి, కానీ ఛాయిస్ ఉండాలంటే ముందు సమాచారం ఉండాలి కదా. అందుకని మీ పేపర్‌కి ఒక చిన్న విన్నపం. శుక్రవారం రివ్యూ కింద రేటింగ్ స్టార్లు వేస్తారు కదా, దాని పక్కనే ఈ సినిమా ఓటీటీకి ఏ తేదీన వస్తుంది, ఏ యాప్‌లో వస్తుంది, నిర్మాతలు చెప్పారా లేదా అని ఒక లైన్ వెయ్యండి. చెప్పకపోతే చెప్పలేదు అనే వెయ్యండి, అడిగాం జవాబు రాలేదు అని వెయ్యండి. ఎలాగూ ఆ స్టార్ల దగ్గర సగం జాగా ఖాళీగానే ఉంటోంది.

ఇట్లు,
మీ సినిమా పేజీ ముందు చదివి హెడ్‌లైన్లు తర్వాత చదివే ఒక పాఠకుడు